ఏలుమలై పేరున రాసిన ఏడు రోజులు

నిన్న పొద్దున కొత్త లుంగీ మడత విప్పాను. మా ఇంటావిడ సరోజ దాన్ని గాంధీ రోడ్డులో కొనుక్కొచ్చింది. మడతల్లోంచి గంజి వాసన గుప్పుమంది. దాని వెనకే సన్నగా మగ్గం నూనె వాసన. అంచు మీద ముద్ర చూస్తే నగరి సరుకు. ఆ వాసన ముక్కుకు తగలగానే చెవుల్లో మరమగ్గాలు మొదలయ్యాయి, టకటకా టకటకా, ఒక వీధి మొత్తం ఒకేసారి. లుంగీ కట్టుకోవడం మరిచిపోయి దాన్ని చేతిలో పట్టుకొని మంచం మీద కూర్చుండిపోయాను. "ఏమి, రంగు బాగలేదా?" అంది సరోజ. "షమీమ్ మేడమ్ గుర్తొచ్చింది" అన్నాను. ఎప్పుడూ నాలుగు మాటలు అంటించనిదే కదలని మనిషి, ఆ మాటకు మాత్రం ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

మీరు షమీమ్ మేడమ్‌ను చూసి ఉండరు. నన్ను కూడా చూసి ఉండరు, అది మీ దురదృష్టం. ఆమె గురించి చెప్పాలంటే ముందు నేనెవరో చెప్పాలి. చిత్తూరు జిల్లాలో ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు అని ఇల్లిల్లూ తిరిగి రాసే సర్వే అంటే మునిరత్నం, మునిరత్నం అంటే ఆ సర్వే. ముప్పై మూడేళ్ల సర్వీసులో నా చేతి మీదుగా పోయిన ఫారం ఒక్కటంటే ఒక్కటి తప్పుందని తిరిగి రాలేదు. గడప ముందు చెప్పులు చూసి, ఆ ఇంట్లో ఎందరు పనికి పోతున్నారో, ఎందరు ఊరికే కూర్చున్నారో తలుపు తట్టకముందే చెప్పేసేవాణ్ణి. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన నా చెయ్యి పట్టుకొని, "మీలాంటివాళ్లు జిల్లాకొకరుంటే ఈ దేశం బాగుపడుతుంది" అన్నాడు.

ఇందులో కొంత సాగదీశాను. ఎంతన్నది ఒక్కొక్కటిగా ఒప్పుకుంటాను, తొందరపడకండి. ఆ అధికారి నా చెయ్యి పట్టుకున్న మాట నిజమే. తిరుమల దర్శనం టికెట్ల కోసం పట్టుకున్నాడు. దేశం సంగతి ఎత్తలేదు.

మా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఫలానా వీధి, ఫలానా ఇళ్లు అని పైనుంచి లాటరీ తీసినట్టు తీసి పంపిస్తారు. మేం ఆ ఇళ్లకు వెళ్లి మనిషి మనిషినీ అడగాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏం చేశావు, పోయిన ఏడు రోజుల్లో ఏ రోజు ఏం చేశావు, ఎన్ని గంటలు చేశావు. ఊళ్లలో అయితే ఒకసారితో సరి. పట్టణాల్లో ఒకే ఇంటికి మూడు నెలలకొకసారి చొప్పున నాలుగుసార్లు పోవాలి. అట్లా దేశమంతా పోగైన జవాబుల్లోంచే నిరుద్యోగం ఇంత పెరిగింది, అంత తగ్గింది అని మీరు పేపర్లో చదివే మాట పుడుతుంది. జనానికి ఇదేమీ పట్టదు. "ఏమిస్తారు సారూ?" అంటారు. ఏమీ ఇవ్వం అంటే, "మరి అడిగేదెందుకబ్బా?" అని నవ్వుతారు. నా సర్వీసులో ముప్పాతిక వంతు ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు షమీమ్ మేడమ్ దగ్గర దొరికింది.

ఆమె మాకు సూపర్‌వైజరుగా చిత్తూరు ఆఫీసుకు వచ్చేనాటికి నాకు యాభై నాలుగేళ్లు. నాకంటే పద్నాలుగేళ్లు చిన్నది. పలమనేరు మనిషి. పొట్టిగా, సన్నగా ఉండేది, భుజాన ఎప్పుడూ ఒక నల్ల సంచి. తల మీద కొంగు జారితే మాట ఆపకుండానే సర్దుకునేది. నిన్నగాక మొన్న వచ్చిన ఈ అమ్మాయి నాకేం నేర్పుతుందిలే అని నేను కుర్చీలో కొంచెం వెనక్కి వాలి కూర్చున్నాను. రెండో రోజే పిలిచింది.

"మునిరత్నం గారూ, బంగారుపాళ్యం ఇల్లు ఇది. ఈయనకు వారమంతా పని లేదని రాసినారు. దినం దినం అడిగినారా?"

"అడిగే పనే లేదు మేడమ్. గడప కాడ చెప్పులు సూస్తేనే తెలిసిపోతాది. దుమ్ము పట్టుండాయి."

ఆఫీసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె నవ్వలేదు. నల్ల సంచి భుజాన వేసుకుంది. "పదండి. ఆ చెప్పులు నేనూ సూస్తా" అంది.

ఆమె స్కూటరు వెనక నేను కూర్చున్నాను. ఆ సంగతి చిత్తూరు బజారంతా చూసింది. ఆ ఇంటాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనివాడు. ఫ్యాక్టరీ మూసి చాలా నెలలయింది. కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కుర్చీని పక్కకు జరిపి, నేల మీద ఆయనకెదురుగా కూర్చుంది. నిన్నటి నుంచి వెనక్కి అడగడం మొదలుపెట్టింది.

"నిన్న ఏం చేసినావన్నా?"

"ఏముండాది తల్లీ, ఇంట్లోనే."

"మొన్న?"

"ఆ పొద్దూ ఇంట్లోనే."

"శనివారం?"

"శనివారం..." ఆయన తల గోక్కున్నాడు. "పక్క తోటాయన మామిడికి మందు కొడతా ఉంటే గొట్టం పట్టుకున్నా. గంటన్నర ఉంటాదేమో. కూలీ ఇచ్చినాడులే. అది కూడా ఒక పనేనా తల్లీ?"

ఆమె రాసుకుంది. బయటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "గంటన్నర గొట్టం పట్టుకుంటే వారమంతా పని ఉన్నట్టా మేడమ్? ఇదేం న్యాయం?"

"న్యాయమని నేను అన్లేదే" అంది, స్కూటరు తాళం తిప్పకుండా. "వారంలో ఏ ఒక్క దినమైనా, ఒక్క గంటైనా చేసుంటే ఆ వారం పని ఉన్నోడి కిందనే లెక్క. గీత ఆడ గీసినారు. మీకు జాలేసి మీరు అటు జరిపితే, ఇంకోడికి కోపమొచ్చి వాడు ఇటు జరుపుతాడు. ఇంక గీత యాడుంటాది? గంటలు కూడా రాస్తా ఉండాం కదా. ఆరు దినాలు సున్నా, ఒక దినం గంటన్నర. ఆయన బతుకు ఎట్లుండాదో సూడాలనుకునేవాడికి ఆ వరసలో కనపడతాది. మీ చెప్పుల్లో కనపడదు."

చెప్పుల విద్య అక్కడితో పోయింది. నిజం చెప్పాలంటే అంతకుముందు కూడా అది పది ఇళ్లలో నాలుగిళ్లకు పనిచేసేది.

ఆ తర్వాత ఆమె వెంట చాలా గడపలు ఎక్కాను. అడగడం అయ్యేదాకా టీ తాగేది కాదు. తాగితే మొహమాటం వస్తాది, మొహమాటంలో ప్రశ్న మింగేస్తాం అనేది. తిరుపతి కొర్లగుంటలో ఒక ఇల్లు నాకు బాగా గుర్తు. తండ్రి బస్సు డిపోలో చేసి రిటైరైన మనిషి. ఇంజనీరింగు చదివిన కొడుకు ఉన్నాడు. "మావాడు గ్రూప్స్‌కు చదువుకుంటా ఉండాడు" అన్నాడు తండ్రి. నేను చేతిలోని ట్యాబులో చదువుకునేవాళ్ల వరుస మీద వేలు పెట్టబోయాను. మేడమ్ నా చెయ్యి ఆపి, అతన్ని పిలవమంది. ముప్పైకి దగ్గర పడిన మనిషి, గడ్డం పెరిగి ఉంది.

"చదువుకుంటా ఉండావా?"

అతను తండ్రి వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "పుస్తకం తెరిచి రెండేండ్లయింది మేడమ్."

"పని వెతుకుతా ఉండావా?"

"వెతికి వెతికి మానేసినా."

"మానం తీస్తా ఉండావు కదరా, పరాయోళ్ల ముందర!" అని తండ్రి లేచి నిలబడ్డాడు. నేను ట్యాబు మూసేయబోయాను. వెతకడం లేదన్నాక ఇంకేముంది, నిరుద్యోగుల లెక్కలోకి రాడు, ఉత్తగా ఉన్నవాళ్లలో పడేయడమే అనుకున్నాను. "ఇంకొకటి ఉండాది" అంది మేడమ్.

"దొరికితే చేస్తావా?"

అతను తల ఎత్తాడు. "ఏదైనా చేస్తా మేడమ్" అన్నాడు. తండ్రి మెల్లగా కూర్చున్నాడు. కొడుకు నోట ఆ మాట ఆయన కూడా అదే మొదటిసారి వినడం అనుకుంటాను.

వీధి చివర టీకొట్టు దగ్గర చెప్పింది. "ఆ ప్రశ్న అందరూ ఎగరేస్తారు మునిరత్నం గారూ. వెతకతా లేదంటే సోమరోడు అని రాసేస్తారు. వెతకతా లేకపోయినా, దొరికితే చేస్తానంటే పని లేనోడే. సోమరోడు కాదు." టీ గ్లాసు చేతుల మధ్య తిప్పింది. "మా నాయన టైలరు. రెడీమేడ్లు వచ్చినంక మా అంగడికి గుడ్డ తెచ్చేవాళ్లే లేకపోయిరి. అయినా పొద్దున్నే పోయి, మిషను ముందర కూర్చొని, సాయంత్రం తలుపేసుకోని వస్తా ఉండె. ఊరంతా ఏమనుకునే? సాయిబుకు అంగడి ఉండాది, పని ఉండాది అనుకునే. ఎన్ని గంటలు కుట్టినావు, ఇంకో పని దొరికితే చేస్తావా అని ఒక్కరన్నా అడిగుంటే, ఆయన గుండెల్లో ఉండేది బయటికి వచ్చుండు. ఎవురూ అడక్కనే పోయినాడు."

ఎందుకు అడగడం అనే ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అది. అప్పుడు నాకు అంత లోతుగా తాకలేదు. టీ బాగుంది, ఇంకొకటి చెబుదామా అని ఆలోచిస్తున్నాను. ఇది కూడా ఒప్పుకోవలసిందే.

ఇక నగరి. రాయకుండా దాటిపోదామని రెండుసార్లు కాగితం మడిచి పెట్టేశాను. మళ్లీ తీశాను.

అక్కడ మరమగ్గాల వీధిలో ఏలుమలై అని ఒకాయన ఇల్లు మాకు వచ్చింది. ముందుగదిలో రెండు మగ్గాలు, వెనకగదిలో కాపురం. షావుకారు నూలు ఇస్తాడు, ఈయన లుంగీలు నేసి ఇస్తాడు. భార్య కాంచన ఆ నూలును రాట్నం మీద కండెలకు చుడుతుంది. పిల్లలు లేరు. మొదటిసారి మేడమ్, నేను కలిసి వెళ్లాం. మగ్గాల చప్పుడులో అరిచి మాట్లాడాలి. "మీ ఆయమ్మ ఏం పని చేస్తాది?" అని నేనడిగితే, "ఏం చేస్తాది సార్, ఇంట్లో ఉంటాది" అని ఏలుమలై అరిచాడు. పక్కనే రాట్నం తిప్పుతున్న కాంచన, "నేను ఇంట్లో ఉంటే ఈ కండెలు దయ్యాలు చుడతా ఉండాయా?" అని అంతకంటే గట్టిగా అరిచింది. మేడమ్ నవ్వి, ఇంటి మగ్గం పనిలో సాయంగా చేసే మనిషి అని రాయించింది. రెండోసారి కూడా అంతే. వెళ్లేటప్పుడు ఏలుమలై నాకు టీ తెప్పించాడు. "సారూ, ఎన్ని తూర్లు వచ్చినా మా కత ఇదే. మగ్గం, నేను, ఈ రాక్షసి" అన్నాడు.

మూడోసారి నేనొక్కణ్ణే వెళ్లాను. మేడమ్ కూడా రావలసిందే గాని, ఆ రోజు ఆమె పుత్తూరులో ఇంకో ఇంటి దగ్గర ఉంది. చిత్తూరు నుంచి బస్సులో నిలబడి వచ్చాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఏలుమలై ఇంటికి తాళం. పక్కింటి ముసలామె చెవిటిది. "ఈ పొద్దే ఊరికి పోయినారు" అని మాత్రం చెప్పింది. మళ్లీ రావాలంటే ఇంకో రోజు పోతుంది. వీధి మొగలో వేపచెట్టు నీడలో కూర్చొని ట్యాబు తీశాను. ఎన్నిసార్లు వచ్చినా మా కత ఇదే అన్నాడు కదా ఆయనే. రెండోసారి జవాబులు చూసుకుంటూ మూడోసారికి దింపేశాను. ఏలుమలై, ఏడు రోజులు, రోజుకు తొమ్మిది గంటలు. కాంచన, ఏడు రోజులు, నాలుగు గంటలు. పంపించేశాను. తర్వాత పూరీలు తిన్నాను. బాగున్నాయి.

పది రోజుల తర్వాత మేడమ్ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. తనిఖీకని నగరి వెళ్లి వచ్చింది, నాకది తెలియదు.

"ఏలుమలై ఇల్లు సూసినారా మునిరత్నం గారూ?"

"సూడకుండా ఎట్ల మేడమ్?"

"ఆయనతో మాట్లాడినారా?"

ఇక్కడ నా నాలుక గురించి చెప్పాలి. దానికి ఒక అబద్ధం చాలదు, పక్కన ఇంకొకటి తోడు కావాలి. "మాట్లాడకుండానా? కూర్చోబెట్టి టీ ఇచ్చినాడు మేడమ్. అల్లం టీ. మన మేడమ్ రాలేదేమి అని అడిగినాడు కూడా."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"నేను రాలేదేమని అడిగినాడా?"

"అడిగినాడు మేడమ్."

"ఆయన పోయి నెల కావస్తా ఉండాది. మగ్గం కాడనే గుండె పట్టేసిందంట. మీరు పోయిననాటికి పద్దెనిమిది దినాలు."

ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద ఉన్న కాగితాలు లేచి పడుతున్నాయి. నేను చచ్చిపోయిన మనిషి చేత వారం రోజులు, రోజుకు తొమ్మిది గంటలు నేత నేయించాను. చాలక నాకు టీ కూడా పెట్టించుకున్నాను.

నాకు రిటైర్మెంటుకు అయిదు నెలలుంది. కల్లబొల్లి ఫారం రాశాడని పైకి వెళితే చార్జి మెమో, విచారణ, పెన్షను ఆగడం. ఆమెకు ఆఫీసరుగా పదోన్నతి జాబితాలో పేరు వచ్చి ఉంది. ఆ వేసవిలోనే ఆర్డరు రావాలి. ఫారం అప్పటికే పైకి వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి రప్పించి సరిచేయాలంటే కారణం చూపిస్తూ ఉత్తరం రాయాలి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అదే చెప్పాను. లక్షల ఇళ్లలో ఒక ఇల్లు మేడమ్, సముద్రంలో ఒక చుక్క, వదిలేయండి అని చేతులు పట్టుకున్నంత పని చేశాను.

"కాంచన వారం ఏమాయె?" అంది. నాకు అర్థం కాలేదు. "ఏలుమలై ఎటూ లేడు. ఆయన్ని మీరు ఏం చేసినా ఆయనకేం కాదు. ఆయమ్మ ఉండాది. మగ్గాలు నిలిచిపోయి, ఆ ఇంట్లో ఒక్కతే ఏడు దినాలు కూర్చోనుంటే, మీరు ఆయమ్మ మొగుడు బతికే ఉండాడు, కండెలు చుడతా ఉండాది అని రాసినారు. ఆ వారం ఇంకెవురు రాస్తారు?"

సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఉత్తరం టైపు చేసి, పంపించే ముందు నాకు చూపించింది. అందులో నేనెక్కడా లేను. మూడో విడత పరిశీలనకు తాను స్వయంగా హాజరు కావలసి ఉండి కాలేదని, తన పర్యవేక్షణ లోపం వల్ల పాత వివరాలు మళ్లీ నమోదయ్యాయని, ఇల్లు తిరిగి చూడడానికి అనుమతి కావాలని రాసుంది. "ఇది అబద్ధం కదా మేడమ్" అన్నాను, ఆ మాటనే యోగ్యత నాకు ఉన్నట్టు. "అబద్ధం యాడుండాది? నేను పోవాల్సింది. పోలేదు" అంది.

అనుమతి వచ్చింది. ఇద్దరం నగరి వెళ్లాం. లోపల మగ్గాల మీద పాత చీరలు కప్పి ఉన్నాయి. గోడకు ఫొటో, దానికి ఎండిన చామంతి దండ. చప్పుడు లేని ఆ గదిలో నేల మీద కాంచన ఎదురుగా కూర్చున్నాను. చేసిన తప్పును నా నోటితోనే దిద్దుకోవాలని మేడమ్‌ను పక్కన ఉండమని, నేనే అడిగాను.

"నిన్న ఏం చేసినావమ్మా?"

"ఏమీ లేదు."

"మొన్న?"

"ఏమీ లేదు."

ఏడు రోజులు అడిగాను. ఏడుసార్లూ అదే మాట, అదే గొంతు.

"పని ఏమన్నా వెతికినావా?"

"యాడ వెతికేది సారూ? షావుకారు నూలు ఎత్తుకోని పోయినాడు. ఆడమనిషివి, నువ్వు మగ్గం ఆడించలేవన్నాడు."

ట్యాబులో వెతకలేదు అనే గడి దగ్గర నా వేలు ఆగింది. ఇంకొకటి ఉంది. "పని దొరికితే చేస్తావా?"

కాంచన మగ్గాల వైపు చూసింది. "ఆయన పోయినంక ఎంతోమంది వచ్చినారు. ఏడిసినారు, తిన్నారు, పోయినారు. ఈ మాట ఎవురూ అడగలేదు" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. "చేస్తా. రేపు రమ్మంటే రేపే పోతా. మగ్గం నాకు వచ్చు."

పని లేదు, వెతకలేదు, దొరికితే చేస్తుంది. అట్లాగే రాశాం. మా రాతవల్ల కాంచనకు పని రాలేదు. ఆ మాట కూడా చెప్పాలి. నెల తర్వాత ఆమే పక్క వీధిలో షెడ్డుకు పోయి, మగ్గం ఆడించి చూపించి, పనిలో చేరింది.

ఆ వేసవి పదోన్నతి జాబితా వచ్చింది. షమీమ్ మేడమ్ పేరు లేదు. ఆమె ఉత్తరం ఫైలులో ఉంది కాబట్టి, ఆమెకే మెమో ఇచ్చారు. నాకు శాలువా కప్పారు. రిటైర్మెంటు సభలో మైకు పట్టుకొని, ముప్పై మూడేళ్లలో నా ఫారం ఒక్కటి కూడా తప్పుందని తిరిగి రాలేదు అని చెప్పింది నేనే. మేడమ్ మూడో వరుసలో కూర్చుంది. అందరితో పాటు చప్పట్లు కొట్టింది. వెళ్తూ వెళ్తూ, "శాలువా బాగుంది మునిరత్నం గారూ, చలికాలం పలమనేరుకు వస్తే తెచ్చుకోండి" అంది. అంతే. ఆ ఉత్తరం సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సరోజకు మాత్రం ఆ రాత్రే చెప్పాను. అప్పటి నుంచే షమీమ్ మేడమ్ పేరు వస్తే ఆమె మాట్లాడదు.

రెండేళ్లు తిరక్కముందే మేడమ్‌కు జబ్బు బయటపడింది. తిరుపతి ఆసుపత్రిలో చూడడానికి వెళ్లాను. మంచం మీద చిన్నపిల్లంత అయిపోయింది. ఒళ్లో ట్యాబు. కొత్తగా చేరినవాళ్లు పంపిన ఇళ్లను ఒక్కొక్కటే చూస్తోంది.

"ఏం మేడమ్, సెలవులో కూడానా?"

"పని ఉండి, జబ్బు చేసి చేయలేనోళ్ల వరసలో రాసుకోండి నన్ను" అంది నవ్వుతూ.

"ఈ వారంలో ఒక్క గంటైనా చేసినారా?"

"ఈ పొద్దు గంట. నిన్న రెండు."

"అయితే మీరు పని చేసినోళ్లే. గీత గీతే కదా మేడమ్."

నవ్వబోయి దగ్గింది. నీళ్లు పట్టించాను. ఆ ఉత్తరం సంగతి అప్పుడైనా ఎత్తి, తప్పు నాది, మీ పదోన్నతి నా వల్ల పోయింది అని చెప్పాలని గొంతుదాకా వచ్చింది. బయటికి వచ్చిన మాట, "డాక్టరు మంచోడంట మేడమ్, నాకు బాగా తెలుసు" అని. నాకు ఆ డాక్టరు ఎవరో తెలియదు. పోయిన ఏడాది పలమనేరులో ఆమెను మట్టి చేశారు. నేను కూడా ఒక గుప్పెడు వేశాను.

ఇప్పుడు నాకు పని లేదు. ఎవరూ అడగకపోయినా సాయంత్రం కూర్చొని నిన్నటి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటాను. ఏ రోజు ఏం చేశాను, ఎన్ని గంటలు. మా అపార్టుమెంటు కాపలాదారు కొడుకు మెట్ల మీద ఊరికే కూర్చుంటే, జనం సోమరి అంటారు. నేను పక్కన కూర్చొని, దొరికితే చేస్తావా అని అడుగుతాను. పని ఇప్పించే శక్తి నాకు లేదు. అడిగిన వెంటనే మనిషి ముఖం ఒక్క క్షణం మారుతుంది, అది చూడడం నాకు షమీమ్ మేడమ్ నేర్పింది. ఇంకొకటి కూడా మోస్తున్నాను. ఆమె సంతకం కింద దాక్కున్న నా తప్పు. అది దించుకునే చోటు నాకు కనబడలేదు.

కాంచన ఇంటి కథ రాశాను కదా, ఆమె ఒప్పుకోకుండా అచ్చుకు ఇవ్వకూడదని ఇవాళ పొద్దున్నే నగరి బస్సెక్కాను. మధ్యాహ్నం తిండి వేళ షెడ్డు బయట అరుగు మీద కూర్చొని క్యారియరు విప్పుతోంది. జుట్టు నెరిసింది, చేతికి నూనె మరకలు. ఆమె తింటూ ఉంటే మొదటి నుంచీ చదివి వినిపించాను. చచ్చిపోయిన ఏలుమలై నాకు టీ ఇచ్చిన చోట ఆమె నవ్వుతుందా, తిడుతుందా అని ఆగి చూశాను. తింటూనే ఉంది. నేను నేల మీద కూర్చొని ఏడు రోజులు అడిగిన చోటికి వచ్చేసరికి చెయ్యి క్యారియరులోనే ఆగిపోయింది. పూర్తిగా చదవనిచ్చి, చెయ్యి కడుక్కొని వచ్చి చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు కింద పెడుతున్నాను, పైన నేను రాసింది కొట్టేయకుండా.

"అడిగింది మీరు కాదు సారూ. ఆ పొద్దు మీరు లోపలికే రాలేదు. బయట గోడ కాడ అటు తిరిగి నిలబడుకోనుంటిరి. నేల మీద కూర్చున్నది ఆయమ్మ. యాడ వెతికేది అక్కా అన్నా నేను, సారూ అన్లేదు. ఆయన్ని కూడా లోపలికి పిలవండక్కా, ఎండలో ఉండాడు అంటే, 'వద్దులేమ్మా, నీ ముఖం సూడలేక ఆడ నిలబడినాడు, నిలబడనీ' అనింది. ఆ ప్రశ్న మీ నోట నేను వినలేదు. ఈ పొద్దు దాకా వినలేదు."